గ్యాస్ బిళ్ల కొండెక్కిన కథ

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో మందుల డబ్బా ఒకటి ఉంటుంది కదా, పాత బిస్కెట్ డబ్బానో, ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ కవరో, అది ఒకసారి తెరిచి చూడండి. పారాసిటమాల్ పక్కన ఇంకో షీటు కనబడుతుంది. ఓమెజ్ కావచ్చు, పాన్ ఫార్టీ కావచ్చు, ర్యాంటాక్ కావచ్చు. అట్ట మీద ఏ పేరున్నా ఇంట్లో అందరూ పిలిచేది మాత్రం ఒకటే పేరు. గ్యాస్ బిళ్ల.

నిజానికి అది గ్యాస్‌కి మందు కాదు. కడుపులో ఊరే యాసిడ్‌ని తగ్గించే మందు. దాని అట్ట మీద ఆర్ఎక్స్ గుర్తు ఉంటుంది, షెడ్యూల్ హెచ్ మందు అని హెచ్చరిక ఉంటుంది. అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి అని. కానీ మనలో ఎంతమందిమి చీటీ తీసుకెళ్లి కొన్నాం? చెయ్యెత్తండి చూద్దాం. నేనైతే ఎత్తలేను.

మాది గూడెం కొత్తవీధి మండలం. అల్లూరి సీతారామరాజు జిల్లా. తెలియనివాళ్లకి దారి చెప్తాను. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి వస్తుంది, మీరందరూ చలికాలంలో మంచు చూడ్డానికి వచ్చే ఊరు. అది దాటితే చింతపల్లి. ఇంకా లోపలికి వస్తే మేము. మా తర్వాత అడవి, సీలేరు. కాఫీ, మిరియాలు మా పంట. కాఫీ మేం పండిస్తాం, తాగేది మాత్రం తక్కువే. మాకు పొద్దున్నే చోడి అంబలి ఉండాలి.

ఇప్పుడు మా తాత గురించి చెప్పాలి. ఏడెనిమిదేళ్ల క్రితం సంగతి. జీవితమంతా కొండ ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి. సంత రోజున ఒక కొట్లో నొప్పి బిళ్లలు కొనేవాడు. అట్ట ఉండదు, పేరు ఉండదు. కత్తిరించిన బిళ్లలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. అవి వేసుకుంటే నొప్పి పోయేది, కడుపులో మంట మొదలయ్యేది. తాత మళ్లీ సంతకెళ్లి అదే కొట్లో మంట సంగతి చెప్పాడు. కొట్టతను ఇంకో బిళ్ల కలిపాడు. "ఇది గ్యాస్ బిళ్ల తాతా, మంటొచ్చినప్పుడు ఏసుకో" అన్నాడు. మంట తగ్గింది. తాతకి సంతోషం. నొప్పి బిళ్ల ఆపలేదు, ఎందుకాపుతాడు? ఇప్పుడు మంట కూడా లేదు కదా.

అక్కడ ఆపుతాను. తాత సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ చిన్న బిళ్ల మా కొండ మీదికి ఎలా వచ్చిందో చూద్దాం. దాని వెనక దాదాపు 200 ఏళ్ల కథ ఉంది. ఆ కథ తెలిస్తే తాతకి ఏమైందో మీకే అర్థమైపోతుంది.

మన పెద్దలకి ఈ జబ్బు కొత్తేం కాదు. పులితేన్పులు, గుండెల్లో మంట, ఛాతీ దాకా ఎగదన్నే పులుపు, వీటిని కలిపి ఆయుర్వేదం ఆమ్లపిత్తం అంది. మాధవ నిదానంలో దానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. అంటే పులుపు ఎక్కువైందని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. కానీ ఆ పులుపు అసలు ఏ పదార్థం? ఇది తేలింది 1820లలో. ఇంగ్లండులో విలియం ప్రౌట్ అనే డాక్టరు కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని చూపించాడు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో సీసా మీద హెచ్‌సీఎల్ అని చూసుంటారు, అదే. అన్నం తినే ప్రతి మనిషి పొట్టలోనూ అదే ఉంది.

సరిగ్గా అదే రోజుల్లో, 1822 జూన్‌లో, అమెరికాలో మాకినాక్ దీవిలో ఒక ప్రమాదం జరిగింది. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అని, జంతువుల తోళ్ల వ్యాపారంలో కూలీ కుర్రాడు. దగ్గర్నుంచి తుపాకీ పేలి పొట్టకి కన్నం పడింది. విలియం బోమాంట్ అనే ఆర్మీ డాక్టరు వైద్యం చేశాడు. కుర్రాడు బతికాడు, కన్నం మాత్రం పూడలేదు. బోమాంట్ ఏం చేశాడంటే, దారానికి మాంసం ముక్క కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించి, గంట గంటకీ బయటికి తీసి చూసేవాడు. ఏళ్ల తరబడి ఇలాంటి ప్రయోగాలు చేసి 1833లో పుస్తకం వేశాడు. జీర్ణం గురించి మనకి తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ కూలీ కుర్రాడి పొట్టలోంచి వచ్చిందే. సైన్స్ పుస్తకాల్లో డాక్టర్ పేరు పెద్దగా ఉంటుంది, కుర్రాడి పేరు చిన్నగా ఉంటుంది. అందుకే ముందు కుర్రాడి పేరు చెప్పాను.

సరే, యాసిడ్ ఉందని తెలిసింది. మరి అది మన కడుపునే ఎందుకు తినేయదు? కడుపు లోపలి గోడకి జిగురులాంటి పొర ఉంటుంది. అది కాపలా. ఆ కాపలా దెబ్బతిన్నచోట యాసిడ్ గోడని కొరుకుతుంది, పుండు పడుతుంది. అదే అల్సర్. 1910లో కార్ల్ ష్వార్జ్ అనే సర్జన్ ఒక సూత్రం చెప్పాడు. యాసిడ్ లేనిచోట పుండు పడదు అని దాని సారాంశం. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు ప్రపంచంలో డాక్టర్లందరూ దాని చుట్టూనే తిరిగారు.

యాసిడ్‌ని ఎలా తగ్గించాలి? మొదటి ఉపాయం వంటింట్లోదే, సోడా ఉప్పు. క్షారం కలిస్తే ఆమ్లం విరుగుతుంది. షికాగోలో బెర్ట్రామ్ సిప్పీ అనే డాక్టరు 1915లో ఒక పథ్యం పెట్టాడు. గంట గంటకీ పాలు, మీగడ, మధ్య మధ్యలో క్షారం పొడి. వారాల తరబడి అదే. పాపం, ఉప్పూ కారం తగలని ఆ పథ్యం తెలుగువాడికి పెడితే వాడు పుండే నయం అనేవాడు. మన జెలుసిల్, డైజీన్, ఈనో, అన్నీ ఆ క్షారం దారిలో వచ్చినవే. ఊరిన యాసిడ్‌ని విరిచేస్తాయి, ఊరడం మాత్రం ఆపలేవు. అందుకే గంటా రెండు గంటల్లో మంట మళ్లీ వస్తుంది.

రెండో ఉపాయం కత్తి. 1881లో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్, క్యాన్సర్ వచ్చిన ఒకావిడకి కడుపులో కొంత భాగం కోసి తీసేసి, మిగిలింది పేగుకి కుట్టాడు. ఆవిడ ఆపరేషన్‌ని తట్టుకుంది. దాంతో సర్జన్లకి ధైర్యం వచ్చింది. మెల్లగా అల్సర్‌కి కూడా అదే మార్గమైంది. 1943లో లెస్టర్ డ్రాగ్‌స్టెడ్ ఇంకో దారి తీశాడు. మెదడు నుంచి కడుపుకి యాసిడ్ ఊరించమని కబురు తెచ్చే వేగస్ నరాన్ని కత్తిరించేయడం. కబురే రాకపోతే యాసిడ్ తగ్గుతుంది కదా. దాని పేరు వేగాటమీ. 1970లలో సర్జరీ చదివిన డాక్టర్ ఎవరైనా మీకు తెలిస్తే అడిగి చూడండి. వేగాటమీ, దాంతో పాటు కడుపుకీ పేగుకీ కలిపే జీజే, ఇవి వాళ్లకి మంచినీళ్ల ప్రాయం.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. ఈ జబ్బు దక్షిణ భారతంలో బాగా ఎక్కువ. ఇది నేను అంటున్నది కాదు, అప్పటి డాక్టర్లు రాసిపెట్టింది. 1922లో థియోడర్ హోవార్డ్ సోమర్‌వెల్ అనే ఇంగ్లీషు సర్జన్ ఎవరెస్ట్ ఎక్కడానికి వచ్చాడు. శిఖరం అందలేదు. తిరుగు ప్రయాణంలో దేశం చూద్దామని దక్షిణానికి వెళ్లి, తిరువాన్కూరు సంస్థానంలో నెయ్యూరు మిషన్ ఆసుపత్రి చూశాడు. ఇప్పుడది కన్యాకుమారి జిల్లాలో ఉంది. అక్కడ రోగుల బారు చూసి లండన్‌లో భవిష్యత్తు వదులుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. ఆయన ముందుకి వచ్చిన జబ్బుల్లో ముఖ్యమైనది చిన్నపేగు మొదట్లో వచ్చే పుండు, డుయోడినల్ అల్సర్. ఆయన, తోటి సర్జన్ ఓర్ కలిసి దానికి ఆపరేషన్లు చేసి, చేసి, 1936లో బ్రిటిష్ సర్జరీ జర్నల్లో వ్యాసం రాశారు.

తర్వాత 1960లలో రైల్వే డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా రైల్వే ఉద్యోగుల వివరాలు పోల్చి చూశారు. ఒకే సంస్థ, ఒకే తరహా ఉద్యోగాలు, అయినా దక్షిణాన అల్సర్ ఎక్కువ, వాయవ్యాన తక్కువ. ఎందుకు? కారమా? బియ్యమా? నమలకుండా మింగడమా? పొగాకా? ఒక్కొక్కరు ఒక్కొక్కటి అన్నారు. మనవాళ్లందరూ తీర్పు ఇచ్చేసింది కారం మీద. కానీ కారం పుండుని పుట్టిస్తుందని పరిశోధనల్లో తేలలేదు. ఉన్న పుండు మీద మంట రేపుతుంది, అంతే. అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడి దగ్గరికి వస్తాను.

అదే 1922లో మా కొండ మీద ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. ఆ కోపం వెనక ఒక రోడ్డు ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి బాస్టియన్ అనే డిప్యూటీ తహసిల్దారు సరైన కూలి ఇవ్వకుండా మా మన్యం జనంతో బండచాకిరీ చేయించాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాతి కాలంలో డాక్టరైనా, మందైనా, అంబులెన్సైనా మా పైకి వచ్చింది ఆ దారి పట్టుకునే. మా ముత్తాతల చెమటతో వేసిన దారి అది. ఆ దారి పైకి ఎక్కించినన్ని సరుకులు కిందికి దించినంత తేలిగ్గా రోగులని దించలేదు. కడుపు కోసే సర్జన్ కావాలంటే ఘాట్ దిగి వెళ్లాల్సిందే. రోడ్డు లేని గూడెం అయితే ముందు డోలీ. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోయడం. ఆ కాలంలో మా వైపు కడుపులో పుండు పగిలితే ఏమయ్యేదో విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కత్తి నుంచి మాత్రకి వద్దాం.

1964. ఇంగ్లండులో వెల్విన్ అనే ఊళ్లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ ల్యాబ్. అక్కడికి జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త చేరాడు. ఆయన ఆలోచన చాలా సూటి. శరీరంలో హిస్టమిన్ అనే రసాయనం కడుపు కణాల మీద ఒక తాళంలోకి వెళ్లి తిరుగుతుంది, యాసిడ్ ఊరుతుంది. ఆ తాళంలో మనం ఒక డూప్లికేట్ తాళంచెవి ఇరికించేస్తే? లోపలికి వెళ్తుంది కానీ తిరగదు. అసలు తాళంచెవికి చోటుండదు. దీనికోసం ఆయన టీమ్ ఏళ్లపాటు వందల పదార్థాలు తయారు చేసింది. 1972లో బ్యూరిమమైడ్ వచ్చింది. పని చేసింది, కానీ నోటి ద్వారా ఇస్తే చాల్లేదు. తర్వాత మెటియమైడ్. అది బాగానే పనిచేసింది, కానీ కొందరిలో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. మూడోది సిమెటిడిన్. 1976లో బ్రిటన్‌లో టాగమెట్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

అంతే, సర్జన్ల బల్ల మీద క్యూ తగ్గడం మొదలైంది. నిన్నటిదాకా కడుపు కోయించుకోవాల్సిన మనిషి ఈ రోజు మాత్ర మింగి ఆఫీసుకి వెళ్తున్నాడు. ఏడాదికి వంద కోట్ల డాలర్ల అమ్మకాలు దాటిన మొదటి మందు ఇదేనని చెప్తారు. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. 1981లో గ్లాక్సో కంపెనీ అదే సూత్రం మీద రానిటిడిన్ తెచ్చింది. మన దగ్గర జిన్‌టాక్, ర్యాంటాక్, ఏసీలాక్ పేర్లతో మీరు చూసింది అదే. ఒక తరం మొత్తానికి గ్యాస్ బిళ్ల అంటే రానిటిడినే.

తాళం మూయడం ఒక పద్ధతి. స్వీడన్‌లో ఆస్ట్రా కంపెనీకి చెందిన హెస్లె ల్యాబ్ వాళ్లు ఇంకా లోపలికి వెళ్లారు. తాళాలు ఎన్ని ఉన్నా చివరికి యాసిడ్‌ని బయటికి తోసే మోటారు ఒకటే ఉంటుంది. దాన్ని ప్రోటాన్ పంప్ అంటారు. మోటారునే ఆపేస్తే? అలా పుట్టింది ఓమెప్రజోల్. 1979లో తయారు చేశారు. మధ్యలో ఎలుకలకి ఎక్కువ డోసు జీవితాంతం ఇచ్చినప్పుడు కణుతులు కనబడి మనుషుల మీద పరీక్షలు కొంతకాలం ఆపేశారు. కారణం తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టారు. 1988లో స్వీడన్‌లో లోసెక్ పేరుతో విడుదలైంది. పాంటోప్రజోల్, రాబిప్రజోల్, ఇసోమెప్రజోల్, ఇవన్నీ దాని తమ్ముళ్లు, చెల్లెళ్లు.

మరి స్వీడన్ మాత్ర తెలుగు ఊళ్లలోకి ఎలా వచ్చింది? ఇక్కడ మన కథ మొదలవుతుంది.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి. గుంటూరు ఏసీ కాలేజీలో డిగ్రీ, తర్వాత బొంబాయి, పుణె నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీలో పీహెచ్‌డీ. హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం. మందు తయారీ అక్కడ నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పెట్టారు.

అప్పట్లో మన దేశంలో ఒక చట్టం ఉంది. 1970 పేటెంట్ చట్టం, 1972 నుంచి అమల్లోకి వచ్చింది. మందు మీద పేటెంట్ ఇవ్వదు, మందు తయారు చేసే పద్ధతి మీద మాత్రమే ఇస్తుంది. అంటే వేరే పద్ధతిలో చేస్తే అదే మందుని మనం చట్టప్రకారం తయారు చేసుకోవచ్చు. ఇదేదో దొంగతనం కాదు. బీదవాళ్ల దేశం ఆలోచించి రాసుకున్న చట్టం. ఆ చట్టం నీడలోనే హైదరాబాద్ మందుల రాజధాని అయింది. డాక్టర్ రెడ్డీస్ అలా తయారు చేసిన ఓమెప్రజోల్ పేరే ఓమెజ్. అప్పటికి మన మార్కెట్లో ఉన్న ఇతర బ్రాండ్ల ధరలో సగానికే అమ్మారు. తర్వాత రష్యాలో కూడా ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. 2005లో చట్టం మారి మందు మీదే పేటెంట్ మళ్లీ వచ్చింది కానీ, అప్పటికే ఈ మాత్ర మన జేబులకి అలవాటైపోయింది.

మామూలుగా మనం ధరలు కొండెక్కాయి అంటాం కదా. ఈ మాత్ర విషయంలో రివర్స్. ధర దిగింది కాబట్టే మాత్ర కొండెక్కింది. ఘాట్ ఎక్కి, చింతపల్లి దాటి, మా సంత కొట్లో తాత చేతిలో పడింది. ఆపరేషన్ అందని చోటికి మాత్ర అందింది. అది చిన్న విషయం కాదు. ఈ వీడియోలో ఆ మాత్రని తిడుతున్నానని అనుకోకండి. అది కాపాడిన ప్రాణాలకి లెక్కలేదు.

కానీ ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. అసలు దొంగ గురించి చెప్తానన్నాను కదా.

ఆస్ట్రేలియాలో పెర్త్. రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్, బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్. కడుపు పుండ్ల వాళ్ల ముక్కల్లో వంకర తిరిగిన బ్యాక్టీరియా కనబడుతోంది. ఎవరూ నమ్మలేదు. అంత యాసిడ్‌లో సూక్ష్మజీవి ఎలా బతుకుతుంది? ల్యాబ్‌లో పెంచుదామంటే పెరగడం లేదు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చాయి. రెండ్రోజులకి తీసి పారేయాల్సిన ప్లేట్లు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది. దానికి కావాల్సింది టైమ్, అంతే. అయినా లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు, నోటి దుర్వాసన. గొట్టం వేసి చూస్తే కడుపు గోడ వాచిపోయి ఉంది. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

అంటే ఏంటి? చాలా అల్సర్లకి కారణం టెన్షనూ కాదు, పచ్చిమిరపకాయా కాదు. ఒక సూక్ష్మజీవి. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఇది ఉంటుంది. చాలామందిని ఏమీ చేయదు, కొందరికి పుండు చేస్తుంది. రెండో పెద్ద కారణం నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి. ఇవి నొప్పిని పుట్టించే రసాయనాన్ని ఆపుతాయి, కానీ కడుపు గోడ మీద ఆ జిగురు కాపలాని నిలబెట్టేది కూడా అదే రసాయనం. నొప్పి పోతుంది, కాపలా కూడా పోతుంది.

యాసిడ్ మాత్ర ఈ రెండు కారణాల్లో దేన్నీ తీసేయదు. సూక్ష్మజీవిని చంపాలంటే యాసిడ్ మాత్రతో పాటు యాంటీబయాటిక్స్ కలిపి, మామూలుగా పద్నాలుగు రోజులు, డాక్టర్ చెప్పినట్టు పూర్తిగా వాడాలి. నొప్పి బిళ్ల వల్ల అయితే ముందు ఆ నొప్పి బిళ్ల సంగతి చూడాలి. కారణం వదిలేసి మంట ఒక్కటే ఆపితే, ఇంట్లో దొంగ ఉండగా కుక్క నోరు కట్టేసినట్టే.

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం.

జూన్ నెల. నేరేడు పళ్ల కాలం. తాతకి విరేచనం నల్లగా అవుతోంది, తారులాగా. నేరేడు పళ్లు తిన్నాను కదా, అందుకే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నీరసం వచ్చింది. వయసు అనుకున్నాడు. మంట లేదు కాబట్టి కడుపు సంగతి ఎవరికీ తట్టలేదు. ఒక రోజు పొద్దున వాకిట్లో లేచి నిలబడబోయి కూలిపోయాడు. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కడ్నుంచి జీపులో చింతపల్లి, నర్సీపట్నం, చివరికి విశాఖ. నేను దారిపొడవునా తాత చెయ్యి పట్టుకుని ఉన్నాను, మంచులో తడిసిన రాయిలా ఉంది ఆ చెయ్యి.

విశాఖలో డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "తాతా, ఏం బిళ్లలు వేసుకుంటున్నావ్?" తాత జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "ఏటో బాబూ, నొప్పికొకటి, గేసుకొకటి" అన్నాడు. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. రక్తం ఎక్కించారు. పరీక్ష చేస్తే పైలోరీ కూడా ఉంది. రెండు కారణాలూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. ఆ మంట ఒక హెచ్చరిక. గ్యాస్ బిళ్ల ఆ హెచ్చరికని నిద్రపుచ్చింది, పుండు తన పని తను చేసుకుపోయింది.

తాత బతికాడు. రక్తం సమయానికి దొరికింది కాబట్టి, ఆ రోజు దారిలో చెట్టు కూలలేదు కాబట్టి. నాకు అప్పుడు అర్థమైంది ఒకటే. మాత్ర మా కొండెక్కింది కానీ, మాత్రతో పాటు రావాల్సిన ప్రశ్న ఎక్కలేదు. "ఎందుకు మండుతోంది?" అనే ప్రశ్న. కొట్టతనూ అడగలేదు, నేనూ అడగలేదు. ఫోన్‌లో ప్రపంచమంతా చూసే నేను, ఇంట్లో తాత ఏం మింగుతున్నాడో చూడలేదు.

ఇది కొండ మీది కథ మాత్రమే అనుకోకండి. హైదరాబాద్ హాస్టల్లో, బెంగళూరు పీజీలో రాత్రి పన్నెండింటికి బిర్యానీ తిని, వెంటనే పడుకుని, పొద్దున పాన్ ఫార్టీ మింగే మనమూ అదే చేస్తున్నాం. కాబట్టి నాలుగు మాటలు చెప్తాను. నేను డాక్టర్ని కాదు, ఇవి డాక్టర్లు రోజూ చెప్పేవే.

ఓమెప్రజోల్ రకం మాత్ర తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకునేది కాదు. తిండికి అరగంట ముందు వేసుకుంటేనే మోటారు ఆగుతుంది. నమలకూడదు, పొడి చేయకూడదు. దాని మీద పూత ఉంటుంది, లేకపోతే యాసిడే ఆ మందుని పాడు చేసేస్తుంది. నెలల తరబడి సొంతంగా వాడేసి ఒక్కసారి ఆపితే యాసిడ్ ఎగదన్నుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మంది మీద పరీక్షించారు. ఎనిమిది వారాలు మాత్ర ఇచ్చి ఆపేశాక 44 శాతం మందికి మంట లాంటి లక్షణాలు వచ్చాయి. మాత్ర ఇవ్వనివాళ్లలో అది 15 శాతం. అందుకే ఆపేటప్పుడు కూడా డాక్టర్‌ని అడగండి. అలాగని డాక్టర్ గుండెకో, కీళ్లకో ఇచ్చే మందులతో కాపలాగా రాసిన యాసిడ్ మాత్రని ఈ వీడియో చూసి మానేయకండి. అది కావాలనే రాసింది. ఇక రానిటిడిన్ విషయం. అందులో ఎన్‌డీఎంఏ అనే కల్తీ పదార్థం బయటపడటంతో అమెరికా 2020లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది.

ఇంకొకటి, ఇది గుర్తు పెట్టుకోండి. విరేచనం తారులా నల్లగా అవుతున్నా, వాంతిలో రక్తం ఉన్నా, కాఫీ పొడి కలిపినట్టు వాంతి అయినా, మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా గ్యాస్ బిళ్ల వైపు చూడొద్దు. ఆసుపత్రికి వెళ్లాలి. కాఫీ పొడి ఎలా ఉంటుందో మా మండలం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే అది గుండె కావచ్చు. గ్యాస్ అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

తాత ఇప్పటికీ మోకాళ్ల నొప్పి అంటాడు. సంతకెళ్తే ఆ కొట్టు ముందు ఆగుతాడు కూడా. కానీ ఇప్పుడు కొట్టతన్ని "పేరున్న అట్టతో ఇవ్వు, మనవడికి చూపించాలి" అంటాడట. ఫోన్‌లో ఆ అట్ట ఫోటో నాకు వస్తుంది. నేను చూసి, పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగి, వేసుకోవచ్చో లేదో చెప్తాను. దీనికోసం 200 ఏళ్ల సైన్స్ అక్కర్లేదు. ఒక ఫోటో చాలు.

మొదట్లో మందుల డబ్బా తెరవమన్నాను కదా. ఇప్పుడు దాన్ని అమ్మ ముందో, నాన్న ముందో, తాత ముందో పెట్టి ఒక్క మాట అడగండి. "ఇది ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావ్? ఎవరు రాశారు?" వాళ్లు ఏం చెప్పారో నాకు కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.